ఉత్తుత్తి దరఖాస్తు

నాలుగో అంతస్తులో ఆ శాఖకి రెండు గదులిచ్చారు. రెండింటికీ మధ్య గోడకి బదులు అద్దం. ఇటునుంచి చూస్తే అటు గది కనిపిస్తుంది. అటునుంచి చూస్తే ఎవరి మొహం వాళ్ళకే కనిపిస్తుంది. ఇవతలి గదిలో దీపాలు వెయ్యరు. ఆ మసకలో ఆరు కుర్చీలు. మొదటి కుర్చీ అద్దం సారుది.

అద్దం సారన్నది వెనకాల పెట్టిన పేరు. ముప్ఫై ఏళ్ళు కింది అంతస్తులో కౌంటరు వెనక కూర్చున్న మనిషి. ప్రభుత్వం తన దరఖాస్తులన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని బయల్దేరినప్పుడు, జనం సంగతి తెలిసినవాడు ఒకడుండాలని ఆయన్ని పైకెక్కించి, ఎనిమిదిమందిని చేతికింద పెట్టారు. వాళ్ళు చేసేదాన్ని పరిశోధన అంటారు. ఇంకా తయారుకాని దరఖాస్తుని తెరమీద బొమ్మలాగా గీస్తారు. మామూలు మనుషుల్ని పిలిచి దాని ముందు కూర్చోబెడతారు. ఎక్కడ తడబడతారో ఇవతలినుంచి చూసి రాసుకుంటారు. జనం తడబడుతుంటే చూసినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఉంటుందని ఆయన కౌంటరులో ఉన్నన్నాళ్ళూ ఊహించలేదు.

ఆ ఎనిమిదిమందిలో ఒక్కరూ పుట్టి బుద్ధెరిగాక వరసలో నిలబడ్డవాళ్ళు కారు. వాళ్ళకి రంగు చీటీలంటే ప్రాణం. ఎవరైనా పెద్దాయన అక్షరాలు కనపడక కళ్ళు నులుముకుంటే పసుప్పచ్చ చీటీ. విసుక్కుంటే గులాబీ చీటీ. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఏ రంగు వాడాలన్నదానిమీద ఒకసారి గంటసేపు సమావేశం జరిగింది. సాయంత్రానికి గోడకి ఈకలు మొలిచినట్టుండేది. ఆ గోడ ముందు నిలబడి ఫొటో తీసుకుని, ఈకలన్నీ పీకి చెత్తబుట్టలో వేసి, ఇళ్ళకి పోయేవారు.

ఆయన వాళ్ళని లోలోపల చీదరించుకునేవాడు. తనకి మాత్రం ఈ పని కొట్టినపిండి అనుకునేవాడు. అందరూ డబ్బులిచ్చి అద్దె మనుషుల్ని తెచ్చుకుంటుంటే, అసలు అవసరం ఉన్నవాళ్ళనే కూర్చోబెట్టాలని పట్టుబట్టింది ఆయనే. కింద కౌంటరు గుమాస్తాకి చీటీల కట్ట ఇచ్చి వచ్చాడు. ఫలానా పనిమీద వచ్చినవాళ్ళ చేతిలో ఒక చీటీ పెట్టి నాలుగో అంతస్తుకి పంపమన్నాడు. గుమాస్తా ఆయనతోపాటే ఉద్యోగంలో చేరినవాడు. అక్కడే ఉండిపోయాడు.

"ఏమని చెప్పి పంపమంటావురా?" అన్నాడు గుమాస్తా.

"పైన కొత్త పద్ధతి పెట్టారని చెప్పు."

"అది అబద్ధం కాదుగదా?"

"కొత్త పద్ధతేగా."

రెండో నియమం కూడా ఆయనదే. నోరు మెదపకూడదు. కూర్చున్నవాళ్ళు ఎంత అవస్థ పడ్డా సాయం చెయ్యకూడదు. చేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు. ఎదురుగా కూర్చుని మాట్లాడే పిల్లని ప్రశ్నలమ్మాయి అనేవారు. వాళ్ళేది అడిగినా జవాబు చెప్పకుండా "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగాలని ఆ అమ్మాయికి మూడునెలలు తర్ఫీదిచ్చాడు. ఒకాయన బాత్‌రూం ఎటని అడిగితే కూడా ఆ పిల్ల నోటిదాకా అదే వచ్చి ఆగింది.

ఆ ఏడు వాళ్ళ చేతికొచ్చింది ఇంటి దరఖాస్తు. ప్రభుత్వం కేటాయించిన ఇంట్లో ఉంటున్న మనిషి చనిపోతే, తొంభై రోజుల్లోగా ఆ కేటాయింపుని భార్య పేరుకో భర్త పేరుకో మార్పించుకోవాలి. లేకపోతే ఇల్లు ఎదురుచూస్తున్నవాళ్ళకి పోతుంది. దానికి పాత కాగితం పదకొండు పేజీలు. కొత్తది పదకొండు తెరలు. అందులో పెద్ద పరిశోధనేమీ లేదు.

ప్రతి మనిషికీ చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ సేవకి పదికి ఎన్ని మార్కులు వేస్తారని. మొదట్లో ఆ ప్రశ్నకి ముందే ప్రశ్నలమ్మాయి ఒక మాట చెప్పేది: "ఇది ఉత్తుత్తిదండీ, నమూనా. మీ దరఖాస్తు ఎక్కడికీ వెళ్ళలేదు." ఆ మాట వినగానే జనం మొహాలు మాడ్చుకుని మూడో నాలుగో వేసేవారు. శాఖ డైరెక్టరుకి మార్కులు కావాలి. మార్కులు అడిగాకే ఆ మాట చెబితే ఏం పోయిందన్నాడు. అద్దం సారు ఆలోచించి, అదీ నిజమేనని మార్పు కాగితంమీద సంతకం పెట్టాడు. మార్కులు వేశాక జనం ఆగరు. సంచి సర్దుకుంటూ లేస్తారు, బస్సు వేళంటారు. వారం తిరిగేసరికి ఆ మాట చెప్పడమే పోయింది. కూర్చునేముందు సంతకం పెట్టించుకునే అంగీకారపత్రంలో ఏడో అంశంగా ఉందిగదా అనుకున్నారు.

కుట్టుపని చేసే ఆవిడ వచ్చింది ఆ వారంలోనే. భర్త పోయి ఇరవైఎనిమిది రోజులు. అంగీకారపత్రంమీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టి, తెర ముందు కూర్చుంది. బల్లమీద ఒక కార్డు ఉంటుంది, అందులో లేని మనిషి పేరు, లేని ఇంటి నంబరు. అవి చూసి నింపాలి. ఆవిడ ఆ కార్డుని పక్కకి జరిపింది. సంచిలోంచి కాగితాలు తీసింది. మరణ ధ్రువపత్రంమీది అంకెలు ఒక్కొక్కటే వేలితో పట్టుకుని తెరమీదికి ఎక్కించింది.

అద్దానికి ఇవతల చీటీలు రాసే అమ్మాయి మెల్లిగా అంది. "సార్, ఆవిడ సొంత వివరాలు రాస్తున్నారు."

"చూస్తున్నాను."

"చెప్పొద్దా?"

"రాసుకో."

ఆ అమ్మాయి రాసుకుంది: అసలు పత్రాలు చేతిలో ఉంటే ధైర్యం ఎక్కువ. ఆకుపచ్చ చీటీ.

ఆవిడ ఎక్కడా ఆగలేదు. ఒక్కసారీ వెనక్కి నొక్కలేదు. పదకొండు నిమిషాలు. చివరి తెరమీద 'మీ దరఖాస్తు అందింది' అని వచ్చి, కింద ఒక నంబరు వచ్చింది. ఆవిడ తలెత్తింది.

"అయిపోయిందా అమ్మా?"

"మీకేమనిపిస్తోంది?" అంది ప్రశ్నలమ్మాయి.

ఆవిడ తెరని మళ్ళీ ఒకసారి చదివింది. "అయిపోయిందనే అనిపిస్తోంది."

"చాలా సంతోషమండీ. పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

పదికి పది వేసింది. నంబరుని కుట్టుకొలతలు రాసుకునే పుస్తకంలో రాసుకుంది. వాళ్ళిచ్చిన బట్టసంచి తీసుకుని, అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అద్దం వెనక ఆరుగురూ చప్పట్లు కొట్టారు. ఆ గదిలోంచి చప్పుడు బయటికి పోదు.

ఎనభైఎనిమిది రోజుల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చింది. చేతిలో వారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు. ముందుగా మాట్లాడింది తోడికోడలే.

"ఇక్కడ పెద్దవాళ్ళెవరు?"

అద్దం సారు లేచాడు.

"మా అక్కకి మీరిచ్చిన నంబరుని కింద కౌంటరులో చూపిస్తే అక్కడాయన నవ్వాడండీ. ఆ నవ్వెందుకో చెప్తారా, నేనూ నవ్వుకుంటాను."

ఆవిడ కొలతల పుస్తకం తెరిచి చూపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. తెరలు గీసేవాడు ఏదో ఒకటి పెట్టాలని పెట్టిన నంబరు.

"తేలిగ్గా ఉంది, జనానికి గుర్తుంటుందని ఇలా ఇచ్చారనుకున్నాను," అంది కుట్టుపని ఆవిడ.

అద్దం సారు నీళ్ళు నమిలాడు. అది పరీక్ష కోసం చేసిన నమూనా అనీ, అంగీకారపత్రంలో రాసి ఉందనీ చెప్పాడు. చెబుతుంటే ఆయనకే వెగటేసింది.

"పరీక్షా? ఎవరికి?" అంది తోడికోడలు.

"మీకు కాదమ్మా. దరఖాస్తుకి."

"మరి మా అక్క ఎలా ఫెయిలయింది?"

ప్రశ్నలమ్మాయి నేలచూపులు చూస్తోంది. గడువు దాటి ఇరవైఆరు రోజులైంది.

"మీరు చూడలేదా?" అని అడిగింది కుట్టుపని ఆవిడ. గొంతు పెంచలేదు. "నేను మా ఆయన కాగితం చూసి రాస్తున్నప్పుడు ఎవరూ చూడలేదా?"

"చూశాను," అన్నాడాయన.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి తోడికోడలితో "పద" అంది.

డైరెక్టరు గదిలో సోమవారం జరగబోయే కొత్త దరఖాస్తు ప్రారంభోత్సవానికి, తెరమీద వేసి చూపించే బొమ్మలు తయారవుతున్నాయి. కుట్టుపని ఆవిడ మొహాన్ని మసకబరిచి, తెర ముందు కూర్చున్న వీడియో వేస్తారు. కింద 'పదకొండు నిమిషాలు, ఏ సాయమూ లేకుండా' అని రాసి పెట్టారు.

"ఆవిడ సంతకం ఉందా, లేదా?" అన్నాడు డైరెక్టరు.

"ఉందండి. ఏడో అంశం కింద."

"మరింకేం?"

"చదవలేదండి."

"చదవకపోతే మన తప్పా?"

"జనం ఆ పత్రాలు చదవరని పోయినేడు మనమే నలభై పేజీల నివేదిక ఇచ్చాం. ముందుమాట మీరే రాశారు."

డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకునే మనిషైతే కొంత నయం.

"చూడండి, ఇది నమూనా అని ముందే నోటిమాటగా వివరించామని రెండు వాక్యాలు రాసివ్వండి. అంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను."

"వివరించలేదండి."

"మీరు అద్దానికి ఇవతలున్నారు. అవతల మాట్లాడిన ప్రతి ముక్కా మీకు వినపడాలని ఏముంది? ఇక రికార్డింగు సంగతంటారా, ఎల్లుండితో దానికి తొంభై రోజులు. దానంతటదే చెరిగిపోతుంది. జనం గోప్యత కోసం మీరు పెట్టిన నిబంధనే. మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చోండి, చాలు."

ఆయన ఇంటికి పోయి భోజనానికి కూర్చున్నాడు. ఇంట్లో ఉండేది ఆయనా, అత్తగారూ. ఆరేళ్ళ కిందట భార్య పోయింది. కూతురు పోయాక అల్లుడింట్లో ఎందుకుందో ఆవిడా చెప్పలేదు, ఉండమని ఆయనా అనలేదు. ఇద్దరూ ఒకరినొకరు భరిస్తున్నారు. ఎనభై ఏళ్ళొచ్చినా ఆవిడ చెవులు చురుకు.

"కంచంలో చెయ్యి పెట్టి గోడకేసి చూస్తారేం అల్లుడుగారూ? గోడకి కూడా వడ్డించమంటారా?"

ఆయన జరిగింది చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ వినేసి, గిన్నె మూతపెట్టింది.

"ఆవిడ అయిపోయిందా అని అడిగినప్పుడు మీరెక్కడున్నారు?"

"పక్కగదిలో."

"ఎంత దూరం?"

"తలుపు అవతల."

"గొళ్ళెం అవతలి పక్కన వేసి ఉందా?"

"లేదత్తయ్యా. తలుపుకి గొళ్ళెమే లేదు."

"ఊఁ," అని ఆవిడ తన కంచం ముందు కూర్చుంది. ఇంకో మాట అంటే బాగుండునని ఆయనకి మొదటిసారి అనిపించింది.

పొద్దున్నే ఎవరూ రాకముందే ఆఫీసుకి వచ్చి, నివేదిక ముందేసుకుని కూర్చున్నాడు. ఇరవైనలుగురిలో అయిదుగురు చివరిదాకా నింపారు. పంతొమ్మిదిమంది మధ్యలో చేతులెత్తేశారు. ఆ అయిదుగురి గురించే శాఖంతా సంబరపడింది. ఆయన పేర్ల జాబితా పట్టుకుని కింద గుమాస్తా దగ్గరికి దిగాడు. రిజిస్టరు తిప్పించాడు. గుమాస్తా వేలు ఒక్కో వరసమీద ఆగుతూ పోయింది.

చేతులెత్తేసిన పంతొమ్మిదిమందీ రిజిస్టరులో ఉన్నారు. పైన ఆ తెరలు కొరుకుడుపడక, తిట్టుకుంటూ కిందికి దిగి, పాత కాగితమే నింపి ఇచ్చి పోయారు. వాళ్ళ ఇళ్ళు వాళ్ళకున్నాయి. బాగా నింపిన అయిదుగురూ లేరు. దరఖాస్తు ఎంత బాగా పనిచేస్తే మనిషి అంతగా మునిగాడు. ఇంత చక్కటి ఫలితం ఏ గోడమీదా ఏ రంగు చీటీలోనూ లేదు.

"ఒరేయ్, పంపింది నేనురా," అన్నాడు గుమాస్తా. "కొత్త పద్ధతని నా నోటితోనే చెప్పాను."

"చెప్పమన్నది నేను. నువ్వు నోరు మూసుకుని నేను చెప్పింది రాసుకో."

పాత నిబంధన ఒకటుంది. పైనున్న ఎనిమిదిమందికీ దాని ఊసు తెలియదు. శాఖలో ఏ అధికారి చేతికైనా, ఆఖరికి వసారాలో నిలబడి ఇచ్చినా, దరఖాస్తు ఆ రోజే అందినట్టు. అది రిజిస్టరుకి చేరకపోతే తప్పు అందుకున్నవాడిది, ఇచ్చినవాళ్ళది కాదు. ఆ నిబంధన కింద ఆయన కౌంటరులో ఉన్నప్పుడు ఇద్దరు గుమాస్తాలకి తాఖీదులిప్పించాడు. ఇప్పుడు తనమీద తనే రాసుకున్నాడు. ఫలానా తేదీన, ఫలానా గదిలో, ఈ అయిదుగురూ తమ సొంత వివరాలు నా సమక్షంలో ఇచ్చారు. నేను చూశాను. అందుకున్న అధికారిని నేను. పైకి పంపలేదు. ఆలస్యం నాది. అయిదు రికార్డింగులతోపాటు, అందులోని వాళ్ళ ఫొటోలూ, వాళ్ళు నింపిన తెరలూ కాగితాలమీద అచ్చు తీయించి జతచేశాడు. ఇక అవి పరిశోధన కావు, దరఖాస్తులు. దరఖాస్తుని చెరిపే అధికారం ఎవరికీ లేదు.

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "ముద్ర ఎక్కడ వెయ్యను? మొహాలమీద పడేట్టుంది."

"అంచున వెయ్యి."

"వేస్తే నువ్వు పోతావురా."

"వెయ్యి."

వేశాడు. ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళి మిగతా నలుగురి ఫోన్ నంబర్లు బల్లమీద పెట్టాడు. ఇద్దరికి ఇంకా గడువుంది, నాలుగు రోజులొకరికి, తొమ్మిది రోజులొకరికి. వెంటనే చెప్పమన్నాడు. ప్రశ్నలమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని, ఏమని మొదలుపెట్టాలి సార్ అంది. ఆ మాట ఎలా చెప్పాలన్నది ఒకసారి రాసుకుని, ఇద్దరు ముగ్గురిమీద ప్రయత్నించి చూద్దామా అని చీటీలమ్మాయి అడిగింది. ఆయన వాళ్ళ మొహాలు చూశాడు. ఇలా తయారుచేసింది తనే. ఫోను లాక్కుని నాలుగూ తనే చేశాడు.

మూడోది ఒక ముసలాయన ఎత్తాడు. నోటీసు రాగానే తాళంచెవి ఇచ్చేసి కూతురింటికి పోయాడట. "పైన మీరంతా బాగా రాశానని మెచ్చుకున్నారుగా బాబూ. మెచ్చుకున్నాక కూడా ఇల్లు రాలేదంటే మన రాత అనుకున్నాను," అన్నాడు. ఆ ఇంట్లో అప్పటికే వేరేవాళ్ళు దిగారు. ఆ ముసలాయనకి చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఆ తర్వాత కూడా ఏమీ చెయ్యలేకపోయారు.

సోమవారం ప్రారంభోత్సవం జరగలేదు. వాయిదా అన్నారు. డైరెక్టరు అద్దం సారుని పిలిచి, కూర్చోమనకుండా మాట్లాడాడు.

"ఒక్క మనిషి కోసం ఇంతమంది రెండేళ్ళ కష్టం గంగలో కలిపారు."

"అయిదుగురండి."

"లెక్కలు బాగానే వచ్చు మీకు."

"మీకు చూపించిన లెక్కా అదేనండి. అయిదుగురు నింపారని."

తాఖీదు చేతికిచ్చారు. బృందాన్ని ఆయన చేతికిందనుంచి తీసేసి, ఆయన్ని పాత దస్త్రాల గదికి పంపారు. ఎనిమిదిమందీ ఆయన వెళ్ళేరోజు ఒక పెద్ద కార్డుమీద సంతకాలు పెట్టిచ్చారు. అందులో ఒకరు 'మీ దగ్గర చాలా నేర్చుకున్నాం' అని రాశారు. ఆయన దాన్ని మెట్లమీదే చించేశాడు.

ఇళ్ళ శాఖ నెల తిప్పించుకుని, అందుకున్న అధికారి ఒప్పుకున్నాడు కాబట్టి ఆలస్యాన్ని మన్నిస్తున్నామని రాసింది. కుట్టుపని ఆవిడ ఇంటిని ఇంకొకరికి కేటాయించారుగానీ, ముద్ర పడిన దరఖాస్తు అడ్డుండడంతో తాళంచెవి చేతులు మారలేదు. మామూలు కాగితంమీద మళ్ళీ దరఖాస్తు నింపి, అందుకున్న అధికారి ఎదుటే సంతకం పెడితే ఇల్లు ఆవిడ పేరుకి మారుతుంది. అందుకని ఆవిడ దస్త్రాల గదికి రావలసి వచ్చింది. ఒక్కతే వచ్చింది. రాకుండా పని జరిగే దారి ఉంటే వచ్చేది కాదు.

ఆయన కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే పదకొండు పేజీలూ చదివింది, ప్రతి అక్షరం కింద వేలు పెట్టి. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆయన కలం ముందుకు జరిపాడు. ఆవిడ తన సంచిలోంచి తన కలం తీసుకుంది.

సంతకం పెట్టబోయి ఆగింది.

"ఇది నిజమైనదేనా?"

"నిజమైనదేనమ్మా. ఇక్కడినుంచి నేరుగా ఇళ్ళ శాఖకి పోతుంది."

"ఎవరు చెప్తున్నారు?"

"నేను చెప్తున్నాను."

ఆవిడ కలానికి మూత పెట్టింది.

"మీరు కాకుండా ఇంకెవరైనా ఉన్నారా చెప్పడానికి?"

ఆయన ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. ఉన్నారని తలూపి, కాగితాలని ఆవిడ ఎదురుగానే బల్లమీద వదిలి, గుమాస్తాని పిలుచుకురావడానికి వెళ్ళాడు.